వలముక్క కట్టిన గుంట

ఆ గుంటలో నాది అని గట్టిగా చెప్పుకోవడానికి అడుగునున్న బురద ఒక్కటే మిగిలింది. నేల కౌలుకిచ్చినాయనది. నీళ్ళు ఉప్పుకాలవవి, అంటే సముద్రుడివి. ఆయన ఇంతవరకు బిల్లు పంపలేదు. నీళ్ళలో ఈదే రొయ్యలు మేత అమ్మే డీలరువి. నీళ్ళ మీద తిరిగే ఏరియేటర్లు వాయిదాల పద్ధతిన అమ్మిన కంపెనీవి. కరెంటు మీటరు మీద కూడా వేరే ఎవరి పేరో ఉంది. అయినా దారిన పోయేవాడు ఈ గుంట ఎవరిదని అడిగితే అందరూ నన్నే చూపించేవాళ్ళు. నష్టం వస్తే ఎవరిదవుతుందో వాళ్ళకు బాగా తెలుసు.

మాది వెంకటాచలం దగ్గర వరి పండించే ఊరు. నా వాటా పొలం చెక్కను అన్నకు వదిలేసి, రొయ్యల్లో సంపాదిస్తానని చెప్పి ఈ ఒడ్డుకు వచ్చాను. ఇక్కడి నుంచి చూస్తే ఉత్తరాన కృష్ణపట్నం పొగగొట్టాలు వేలెడంత కనిపిస్తాయి. తూర్పున ఇసుక, ఆ ఇసుక మీద చేపలు పట్టేవాళ్ళ పల్లె. మధ్యలో నా గుంట, గట్టు మీద రేకుల షెడ్డు. రెండు కార్లు కొన్నానని, డ్రైవర్లు దొరక్క షెడ్డులో పెట్టానని మా ఊళ్ళో చెప్పాను. అందులో షెడ్డు వరకు నిజం.

రొయ్యల గుంట మీద బతకడం ఎలాంటిదో బయటివాళ్ళకు తెలియదు. వరి పొలంలో అయితే పక్క పొలం వాడు గట్టు మీద కూర్చుని చుట్ట అడుగుతాడు. గుంటల దగ్గర అలా రారు. తెల్లమచ్చ రోగం కాళ్ళకు అంటుకుని ఒక గుంట నుంచి ఇంకో గుంటకు పోతుందని భయం. ఎవరి గట్టు మీద వాళ్ళు నిలబడి అరుచుకోవాలి. పక్క గుంట ఆయనతో నేను రెండు పంటల కాలం మాట్లాడాను కానీ ఆయన మొహం దగ్గర్నుంచి చూడలేదు. మీసం ఉందని అనుకుంటాను. తప్పనిసరిగా ఎవరైనా రావాల్సి వస్తే గట్టు మొదట్లో ఉన్న తొట్టిలో, బ్లీచింగ్ కలిపిన నీళ్ళలో కాళ్ళు ముంచి రావాలి. కాళ్ళు కడుక్కుని మరీ నా అబద్ధాలు వినడానికి ఎవరొస్తారు?

అందుకని నాకు ఆ ఏరియేటర్ల చప్పుడే తోడు. అవి నీళ్ళను చిలికే చక్రాలు. చిలికితే నీళ్ళలోకి గాలి పోతుంది, గాలి పోతే రొయ్య బతుకుతుంది. రొయ్యపిల్లను ఒత్తుగా వేసిన గుంటలో అవి లేకపోతే ఎండ ఉన్నంతసేపు ఎలాగో నెట్టుకొస్తుంది, ఎండ పోతే ఊపిరాడదు. పగలూ రాత్రీ అదే చప్పుడు, పెద్ద కుటుంబమేదో పెరట్లో గుడ్డలు ఉతుకుతున్నట్టు. నిద్రలో అది ఒక్క క్షణం ఆగితే చాలు, మంచం మీద నుంచి లేచి కూర్చునేవాణ్ణి.

కంపెనీ ఒప్పందం మీద ఎన్నో చోట్ల సంతకాలు పెట్టాను. ఇంగ్లీషులో ఉంది. చివరి వాయిదా కట్టేదాకా సామాను కంపెనీదే, వాయిదా తప్పితే వచ్చి తీసుకుపోవచ్చు, గొడవ వస్తే చెన్నైలో కంపెనీ పెట్టిన మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి అని అందులో ఉందట. డీలరు కాగితం తెలుగులో ఉంది. మేత బాకీ తీరేదాకా గుంటలో ఉన్న రొయ్య, పుట్టబోయే రొయ్య, పట్టిన రొయ్య అన్నీ ఆయనవే, కొన్నవాడు డబ్బు ఆయనకే ఇవ్వాలి అని. పుట్టబోయే రొయ్యను కూడా తాకట్టు పెట్టిన మొదటి మనిషిని నేనే అనుకుని గర్వపడ్డాను. తర్వాత తెలిసింది, ఈ ఒడ్డున అందరం అంతేనని.

ముందు పంట తెల్లమచ్చతో పోయింది. వాయిదాలు తప్పాయి. ఈ పంట మీద డీలరు ఒకే మాట అన్నాడు. "ఇది దక్కితే సరే. ఇది కూడా పోయిందనుకో, ఇంక నా కొట్టు మెట్టు ఎక్కబాక." దక్కితే అన్నీ తీరి ఒకరికి బాకీ లేని మనిషినవుతాను. దక్కకపోతే అన్న ఇంటి వసారాలో, వదిన పోసే కాఫీ చల్లారేదాకా తలొంచుకుని కూర్చోవాలి. అంతకంటే మూడో దారి లేదు.

రొయ్య ఇంకొంచెం ఎదిగితే మంచి ధర వచ్చే దశలో ఉండగా, ఒకరోజు పొద్దున చిన్న ట్రాలీ ఆటో ఒకటి గట్టు కింద ఆగింది. ముందు నుంచి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన దిగాడు. నాకంటే ఓ పదేళ్ళు చిన్న. వెనక నుంచి స్పానర్లు పట్టుకుని కూలీలు దిగారు. వాళ్ళు పక్క పల్లె వాళ్ళే. దగ్గర్లో దొరికితే చవకని అక్కడే మాట్లాడుకున్నట్టున్నాడు.

"అన్నా, కంపెనీ నుంచి వచ్చినా. ఏరియేటర్లు తీసకపోవాల," అన్నాడు గట్టు ఎక్కుతూ.

"ముందు కాళ్ళు ముంచు."

"ఏంది?"

"ఆ తొట్టిలో. నువ్వు ఎవురి సామాను తీసకపోయినా సరే, రోగం మాత్రం పెట్టి పోబాక."

"బూట్లతోనా?"

"బూట్లకు రోగం రాదని నీకు ఎవురు చెప్పినారు?"

ఆయన తొట్టిని చూశాడు, బూట్లను చూశాడు, ముంచాడు. మంచివాడని అప్పుడే తెలిసింది. మంచివాడు దొరికితే నాకు నోరు ఆగదు. పైగా సమయం గడపాలి. డీలరుకు ఫోను చేశాను. ఆయన నెల్లూరులో ఉన్నాడు. "ఎవడు వాడు? రొయ్యలు నావి! చెయ్యి పెట్టనీబాక, వస్తా ఉండా!" అని అరిచి పెట్టేశాడు. ఆయన వచ్చేదాకా ఈయన్ని మాటల్లో ఉంచాలి.

"తమ్ముడా, శ్రీహరికోట నుంచి రాకెట్టు లేచినప్పుడు ఈ గట్టు మీద నిలబడి చూసినావా ఎప్పుడన్నా?"

"లేదన్నా."

"నువ్వు రాకెట్టును చూడబాక, నా గుంటను చూడు. రొయ్యలన్నీ తోకల మీద నిలబడి దక్షిణానికి తిరిగి చూస్తా ఉంటాయి."

"నీళ్ళలో ఉండేటివి నిలబడినాయని నీకెట్టా తెలుసు?"

"నీళ్ళ మీద మీసాలు కనపడతాయి గదా. వరి నాటినట్టు ఉంటాది."

ఆయన పగలబడి నవ్వాడు. కూలీలు కూడా నవ్వారు. ఎన్నాళ్ళకో నా గట్టు మీద మనుషుల నవ్వు వినపడింది. ఇంకోటి చెప్పాను: తుపానుకు నా లుంగీ ఎగిరిపోయి, సముద్రం మీద ఆరి, మడత పెట్టుకుని తిరిగొచ్చిన కథ. ఆయన కళ్ళు తుడుచుకుంటూనే స్టార్టర్ పెట్టె దగ్గరికి నడిచాడు. నవ్వుతూనే స్విచ్ కిందికి నొక్కాడు.

చక్రాలు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించి ఆగిపోయాయి. నీళ్ళ మీద నురుగు విడిపోయి, గుంట అద్దంలా అయింది. సముద్రం ఇంత దగ్గర ఉందని ఆ రోజు దాకా నా చెవికి తెలియదు.

"ఏమనుకోబాకన్నా. నా డ్యూటీ ఇది," అన్నాడు.

కూలీలు బోల్టులు విప్పడానికి నీళ్ళలోకి దిగబోతున్నారు. నాకు మతి పని చేసింది. చేసిందని అప్పుడు అనుకున్నాను.

పక్క పల్లెలో ఒక కట్టడి ఉంది. దురాయి అంటారు. పడవ మీదనో, ఇంజను మీదనో ఇద్దరి మధ్య గొడవ వస్తే, ఊరి పెద్ద వచ్చి ఆ వస్తువుకు పాత వలముక్క ఒకటి కడతాడు. ముగ్గురు పెద్దలూ కూర్చుని తేల్చేదాకా దాన్ని ఎవరూ తాకకూడదు. తాకినవాడితో ఎవరూ వేటకు రారు, కొట్టులో ఉప్పు కూడా ఇవ్వరు. ఈ కూలీలు ఆ పల్లె వాళ్ళు. వలముక్క చూస్తే స్పానర్లు కింద పడేస్తారు. ఇంకేం కావాలి? చెన్నై దాకా పోయే కాగితాన్ని వలముక్కతో కొట్టొచ్చు.

ఇసుకలో పరిగెత్తాను. నా వయసుకు అది పరుగే. పెద్దాయన ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోనులో పాత సినిమా చూస్తున్నాడు. విషయం చెప్పాను. ఆయన సినిమా ఆపలేదు, చప్పుడు తగ్గించాడు.

"మీరు మా ఊరోళ్ళు కాదు గదా."

"మీ ఊరి నేల పక్కనే గదా పెద్దాయనా ఉండేది. రొయ్యల పట్టుబడికి వల లాగేది మీవోళ్ళే గదా."

"అది నిజమే." గడ్డం గోక్కున్నాడు. "కట్టినానంటే నీకు కూడా కట్టినట్టే. తెలుసునా?"

"నాకు తెలీకపోవడమేంది? ఇట్టాంటివి మా ఊళ్ళో ఎన్నో కట్టించినా."

మా ఊళ్ళో ఎప్పుడూ ఎవరూ ఏమీ కట్టలేదు. మాది వరి. పొలం మీద తగాదా వస్తే ఏడాది బీడు పెట్టినా నేలకు ప్రాణం పోదు. వాళ్ళది పడవ. ఇసుక మీదికి లాగి పెడితే ఎన్నాళ్ళయినా పడి ఉంటుంది. నేలకూ పడవకూ పనికొచ్చే మందును తీసుకుపోయి ఊపిరి తీసుకునే దానికి వేయించాను. ఆ తేడా పెద్దాయనకు తట్టలేదు, నాకూ తట్టలేదు.

ఆయన తీరిగ్గా వచ్చాడు. తొట్టిలో కాళ్ళు ముంచమంటే "సముద్రంలో మునిగే కాళ్ళకు ఇంకా ఏంది?" అని ముంచాడు. స్టార్టర్ పెట్టెకు నీలం రంగు వలముక్క ఒకటి రెండు ముళ్ళేసి కట్టాడు. నేననుకున్నట్టే కూలీలు స్పానర్లు గట్టు మీద పెట్టి దూరంగా జరిగారు.

కంపెనీ ఆయన నోరు తెరిచాడు. "ఏందన్నా ఇది? గుడ్డ పేలిక కడితే పని ఆగిపోతాదా?"

"చెన్నై కోర్టు స్టాంపు కంటే గట్టిది," అన్నాను, ఛాతీ విరిచి.

"మిగతా ఇద్దరు రావాల," అన్నాడు పెద్దాయన. "ఒకడు నెల్లూరు మార్కెట్టుకు పోయినాడు. ఇంకోడు పోర్టులో డ్యూటీకి పోయుండాడు. సాయంత్రం పోర్టు బస్సుకు వస్తాడు. వచ్చినాక కూచుందాం." చెప్పి వెళ్ళిపోయాడు.

నేను విజయగర్వంతో స్టార్టర్ పెట్టె దగ్గరికి పోయి స్విచ్ మీద చెయ్యి వేయబోయాను.

"అన్నా, అన్నా! తాకబాక!" కూలీలందరూ ఒక్కసారి అరిచారు.

"నేను ఆన్ చేస్తా ఉండానబ్బా, తీసకపోవడం లేదు గదా."

"తాకకూడదంటే తాకకూడదు. నీకు కూడా కట్టినట్టేనని పెద్దాయన చెప్పలేదా?"

చెప్పాడు.

కంపెనీ ఆయన నా మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత మెల్లగా నవ్వు మొదలైంది, ఈసారి నా కథకు కాదు. "దీన్ని కోర్టులో స్టేటస్ కో అంటారన్నా. ఎట్టుండేది అట్టనే ఉండాలని. తిరిగేటప్పుడు కట్టించుకోవాల గదా, ఆపినాక కట్టించుకుంటే ఎట్టా?"

అప్పటికి ఎండ నడినెత్తిన ఉంది. ఎండ ఉన్నంతసేపు భయం లేదని నాకు నేను చెప్పుకున్నాను.

షెడ్డు నీడలో ఇద్దరం కూర్చున్నాం. ఆయన డబ్బా తెచ్చుకున్నాడు, నేను అన్నం, చింతకాయ పచ్చడి పెట్టాను. వద్దు వద్దంటూనే కలుపుకున్నాడు. నా కంచంలో కాకుండా ఇంకో కంచంలో అన్నం పెట్టి చాలా కాలమైంది. దాని కోసం మేత బస్తాల వెనక వెతకాల్సి వచ్చింది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగాడు. నా దగ్గర ఆ ప్రశ్నకు మూడు కథలు తయారుగా ఉంటాయి, అడిగేవాళ్ళను బట్టి తీస్తాను. ఆ రోజు ఏదీ తియ్యబుద్ధి కాలేదు. "కుదరలేదు," అన్నాను. "ఓహో," అన్నాడు. ఇంత పొట్టి కథ నా జన్మలో చెప్పలేదు.

మధ్యాహ్నం తిరిగాక డీలరు బుల్లెట్టు బండి మీద వచ్చాడు. కాళ్ళు ముంచకుండానే ఎక్కబోతే ఇద్దరం కలిసి అరిచాం, నేనూ కంపెనీ ఆయనా.

విషయం విని డీలరు కంపెనీ ఆయన మీద పడ్డాడు. "ఏమయ్యా, రొయ్యలు నావి. నువ్వు స్విచ్చి ఆపినావు. ఒక్క రొయ్య చచ్చినా నీ కంపెనీ చేత కట్టిస్తా."

"మీవైతే మీరే ఆన్ చేసుకోండి సార్."

డీలరు వలముక్కను చూశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను తాకితే రేపటి నుంచి ఈ పల్లెలో నా మేత బస్తా దించేవాడు ఉండడు."

"మిషన్లు మావి సార్. కాగితంలో ఉండాది. గొడవుంటే చెన్నైలో మధ్యవర్తి దగ్గరికి రండి."

"ఈ రొయ్యల్ని కూడా తీసకపోదామా, సాక్ష్యానికి?" అన్నాను నేను.

ఇద్దరూ కలిసి నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను. చూస్తుండగానే తూర్పు నుంచి మబ్బు వచ్చింది. వాన మబ్బు కాదు, పనికిరాని మబ్బు. ఎండను మాత్రం మింగింది. నీళ్ళ రంగు ఒక్కసారిగా బూడిద రంగుకు మారింది.

గట్టు వెంబడి నడిచాను. మొదట ఒకటి కనిపించింది, నీళ్ళ అంచున, మీసాలు బయట పెట్టి. పక్కన ఇంకోటి. కొంచెం ముందుకు పోతే అంచంతా కదులుతోంది. గాలి చాలని రొయ్య ఇలాగే లోతు వదిలి గట్టు పడుతుంది. పొద్దున రాకెట్టు చూడడానికి లేస్తాయని నేను చెప్పిన మీసాలు ఇవే కాబోలు అని కంపెనీ ఆయన అన్నాడా, నాకే అనిపించిందా, గుర్తు లేదు. ఎవరూ నవ్వలేదు.

పల్లెకు పరిగెత్తాను. పెద్దాయన ఇంట్లో లేడు. ఫోను చేస్తే ఎత్తి, "ముగ్గురం కూచోకుండా ముడి విప్పేదానికి లేదబ్బా. బస్సు వచ్చేస్తాది," అన్నాడు. ఆయన గొంతులో కూడా ఇబ్బంది ఉంది. కట్టిన మనిషే విప్పితే రేపు ఏ పడవకు కట్టినా ఎవరూ లెక్కచేయరు. ఆయన బాధ ఆయనది.

తిరిగి వచ్చేసరికి కంపెనీ ఆయన ఫోనులో ఉన్నాడు. ఆఫీసు వాళ్ళు లీగల్ డిపార్టుమెంటును అడిగి చెప్తామని, అప్పటిదాకా దేన్నీ ముట్టుకోవద్దని అంటున్నారట. డీలరు గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ ఎవరికో ఫోనులో ఐసు బండి పంపమని బతిమాలుతున్నాడు. కూలీలు గొంతుక్కూర్చుని నీళ్ళ వైపే చూస్తున్నారు. చేపల మధ్య పుట్టిన మనుషులు. నీళ్ళలో ప్రాణి అలా ఎగబడుతుంటే చూస్తూ కూర్చోవడం వాళ్ళకూ కష్టంగానే ఉంది.

నేను చెప్పులు వదిలి నీళ్ళలోకి దిగి చేతులతో కొట్టడం మొదలుపెట్టాను. చక్రం చేసే పని రెండు చేతులతో చేద్దామని. ఎంత పిచ్చి పనో నాకు తెలుసు. సముద్రాన్ని విసనకర్రతో ఆరబెట్టినట్టు. తెలిసినా కొట్టాను. రొయ్యలు కాళ్ళకు తగులుతున్నాయి. మామూలుగా అయితే మనిషి నీడ పడితేనే ఎగిరి పారిపోయేవి, పక్కకు కూడా జరగడం లేదు.

వెనక నుంచి టక్ మని చప్పుడు.

చక్రాలు ఒకటొకటిగా తిరగడం మొదలుపెట్టాయి. తలెత్తి చూశాను. స్టార్టర్ పెట్టె దగ్గర కంపెనీ ఆయన నిలబడి ఉన్నాడు. వలముక్క విప్పలేదు. దాన్ని ఒక చేత్తో పక్కకు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో స్విచ్ నొక్కాడు.

"అన్నా, ఏం పని చేసినావు!" అన్నాడు కూలీల్లో ఒకడు.

"కంపెనీ సామాను, కంపెనీ మనిషిని, నేను ఆన్ చేసినా. ఎవురికి చెప్పుకుంటారో చెప్పుకోండి." వలముక్కను మెల్లగా వదిలాడు. "చచ్చేదాన్ని చూస్తా కూచునేది నా డ్యూటీలో లేదు."

సాయంత్రం పోర్టు బస్సు వచ్చింది. ముగ్గురు పెద్దలూ గట్టు మీదే కూర్చున్నారు. అప్పటికి రొయ్య అంచు వదిలి లోపలికి పోతోంది. కొంత పోయింది, అంచున తెల్లగా తేలి. ఎక్కువ భాగం దక్కింది.

ముందు దురాయి తప్పిన సంగతి. పెద్దాయన మొహం గంటు పెట్టుకుని ఉన్నాడు. "కట్టిన ముడి మీద చెయ్యి వేసినావు."

"నేను మీ ఊరోణ్ణి కాదు పెద్దాయనా."

"నీ బండి పోవాల్సింది మా ఊరి మీదుగానే గదా?"

నేను లేచి, కట్టించిన వాణ్ణి నేను కాబట్టి తప్పు నేను కడతానన్నాను. గంగమ్మకు కొబ్బరికాయలు, ఊరి పడవలకు ఒక చుట్ట మోకు. పెద్దలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని సరేనన్నారు. నాకు తెలిసి వాళ్ళు కూడా ఊపిరి పీల్చుకున్నారు.

తర్వాత అసలు తగాదా. డీలరు తన కాగితం తీశాడు, కంపెనీ ఆయన తన కాగితం తీశాడు. పెద్దాయన రెండింటినీ చేతిలోకి తీసుకుని, చదవకుండానే మోకాలి కింద పెట్టుకున్నాడు.

"గాలిలో పడవ కొట్టుకపోతా ఉంటే, దానికి అప్పిచ్చినోళ్ళు పదిమంది ఉంటారు. ఆఖర్న మోకు వేసి ఒడ్డుకు లాగినోడు ఒకడు ఉంటాడు. లాగినోడు లేకపోతే మిగతావోళ్ళకు పడవే లేదు. ముందు వాడి పాలు."

"ఆపింది కూడా వాడే గదా!" అన్నాడు డీలరు.

అది న్యాయమైన మాటే. పెద్దలు కాసేపు తర్జనభర్జన పడ్డారు. మూడో పెద్ద, పోర్టు నుంచి వచ్చినాయన, యూనిఫాంలోనే నిద్రపోయాడు, లేపారు. చివరికి తేల్చారు. చక్రాలు తెల్లారేదాకా తిరగాలి, తెల్లారగానే పట్టుబడి. కొన్నవాడిచ్చిన డబ్బులో తప్పిన వాయిదాల కాలానికి అద్దె కింద ముందు కంపెనీకి, తర్వాత మేత బాకీ, మిగిలితే నాకు. చివరి వల ఒడ్డెక్కాక కంపెనీ మిషన్లు తీసుకుపోవచ్చు, ఆ తర్వాత నన్ను ఏమీ అడగకూడదు. డీలరు గొణిగాడు. కానీ రేపు వల లాగాల్సింది ఆ పల్లె వాళ్ళే. ఆ సంగతి ఆయనకు తన కాగితం కంటే బాగా తెలుసు. కంపెనీ ఆయన ఆఫీసుకు ఫోను చేసి చాలాసేపు ఇసుకలో నడిచాడు. వచ్చి తలూపాడు.

తెల్లవారి వలలు లాగారు. ఐసు బండి వచ్చింది. ఇంకా ఎదగాల్సిన రొయ్య కాబట్టి కిలోకు ఎక్కువ రొయ్యలు తూగాయి, ధర తక్కువ పలికింది. ఎవరి పాలు వాళ్ళు తీసుకున్నాక నా చేతిలో పడింది బస్సు చార్జీకి ఎక్కువ, బండి కొనడానికి తక్కువ. కానీ ఎవరికీ బాకీ లేదు. పైకి చెప్పుకుంటే అబద్ధంలా వినిపించేంత నిజం అది.

నీళ్ళు తీసేసిన గుంటలోంచి మిషన్లు ఎత్తి ట్రాలీలో పెట్టారు. పోయేటప్పుడు కాళ్ళు ముంచాల్సిన పని లేదని కంపెనీ ఆయనకు చెప్పాను. అయినా ముంచాడు. "అలవాటైపోయిందన్నా," అన్నాడు. బండి ఇసుక దాటి తారు రోడ్డు ఎక్కేదాకా చూశాను.

కౌలు ఇంకా ఎండాకాలం దాకా ఉంది. కొత్త పిల్ల వేయడానికి నా దగ్గర మిషన్లూ లేవు, ఆ పంచాయితీ తర్వాత మేత అప్పిచ్చే డీలరూ లేడు. అన్న ఫోను చేస్తే లారీ నిండా రొయ్యలు పోయాయని, జపాను వాళ్ళు స్వయంగా వచ్చి వంగి దండం పెట్టారని చెప్పాను. వచ్చెయ్యరా అన్నాడు. లెక్కలు చూసుకుని వస్తానన్నాను. చూసుకోవడానికి లెక్కలేం లేవు. ఎండిన గుంటలో బురద పగుళ్ళు ఇస్తోంది. బురద నాదే కాబట్టి దాన్ని వదిలి పోబుద్ధి కాలేదు. రాత్రి నిద్ర పట్టదు. చప్పుడు ఆగితే లేచే అలవాటు. ఆగే చప్పుడు లేకపోయినా లేచి కూర్చుంటున్నాను.

కొన్నాళ్ళకు కంపెనీ ఆయనకు ఫోను చేశాను. బాకీ లేదన్న కాగితం పంపుతామన్నారు కదా, అది ఒక సాకు.

"పోస్టులో వస్తాదన్నా, చెప్పినా గదా."

"వచ్చింది. వచ్చిందని చెప్దామని చేసినా." రాలేదు.

ఆయన గొంతు వెనక ఏదో చప్పుడు. వెంటనే గుర్తుపట్టాను. చక్రాలు.

"యాడ ఉండావు?"

"వాకాడు కాడ. ఒక గుంట మీద."

"గుంటాయన ఏం చేస్తా ఉండాడు?"

"ఏందేందో చెప్తా ఉండాడన్నా. వాళ్ళ గుంటలో ఎండ్రకాయ ఒకటి రోజూ పొద్దున్నే వచ్చి మేత బస్తా లెక్క చూసుకుంటాదంట. నవ్వొస్తా ఉండాది."

నాకు కొంచెం కుళ్ళు పుట్టింది. ఎండ్రకాయ కథ బాగుంది. అది నాకెందుకు తట్టలేదా అని.

"తమ్ముడా, ఆయన చెప్పేది అయిపోయేదాకా స్విచ్చి ఆపబాక."

"సరేలే అన్నా, ఉంటా," అన్నాడు.

ఫోను పెట్టేయడం మరిచిపోయి జేబులో వేసుకున్నట్టున్నాడు. చక్రాల చప్పుడు వస్తూనే ఉంది. దాని వెనక ఎవరో గబగబా ఏదో చెప్తున్నారు, మాటలు తెలియడం లేదు. నేను మంచం మీద కూర్చుని, నోరు మూసుకుని విన్నాను.